ద్రాక్షతోట కోసం పెట్టిన సెలవు

మొన్న ఆదివారం సాయంత్రం మా మనవరాలు, దాని మొగుడు సోఫాలో పక్కపక్కన కూర్చుని, ఒకే ఫోనులోకి తలలు వంచి ప్రయాణం ప్లాను వేసుకుంటున్నారు. మొదట హైదరాబాదులో ఒక రోజంతా తిండికేనట, పగలు పాతబస్తీలో బిర్యానీ, సాయంత్రం ఏదో మేడ మీద దీపాల మధ్య ఇంకో భోజనం, మర్నాడు రైలెక్కి నాసిక్ వైపు ద్రాక్షతోటలు, తోట మధ్యలోనే బస, పండ్లను పిండి వైను ఎట్లా చేస్తారో దగ్గరుండి చూపించి తలా ఒక గ్లాసులో పోసి రుచి కూడా చూపిస్తారట. ఏ హోటలు బాగుంటుందో, ఏ తోటలో పందిళ్లు ఫోటోలకు అందంగా ఉంటాయో ఇద్దరూ ముచ్చటగా వాదించుకుంటుంటే, నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుకుంటూ వింటున్నాను. ఇది నా కడుపున పుట్టిన బిడ్డకు బిడ్డ కాదు, మా తోడికోడలి కూతురి కూతురు. సొంత అవ్వను అది చూడనేలేదు, దాని తల్లికి కూడా అమ్మ ముఖం సరిగా గుర్తులేదు, అందుకని నన్నే అవ్వా అంటుంది. ఉన్నట్టుండి అది తలెత్తి, "అవ్వా, నువ్వు ద్రాక్షతోట ఎన్నడన్న చూసినవా?" అని అడిగింది. చూశానన్నాను. నమ్మలేదు, నవ్వింది, ఎవరితో పోయినవని అడిగింది. మీ అవ్వతోనే అని చెప్పబోయి, పొయ్యి మీద పాలున్నాయని లేచి వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి మీద పాలూ లేవు, ఏమీ లేవు.

ఆ ప్రయాణం గురించి నేను ఇన్నేళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. చెప్పడానికి కూర్చుంటే కోపం వస్తుంది, ఈ వయసులో కోపం వస్తే రక్తపోటు పెరుగుతుందని మందులిచ్చే డాక్టరు భయపెడతాడు. అయినా మీలో నా ఈడువాళ్లు, బొగ్గుబాయిల పక్కన క్వార్టర్లలో బతికినవాళ్లు ఉంటారు గనుక, మీకు చెబితే విడమరచి చెప్పనక్కర లేకుండానే కొంత అర్థమవుతుందని ఆశ.

నేను పెళ్లయి గోదావరిఖని వచ్చేసరికి అక్క వచ్చి ఏడెనిమిదేళ్లయింది. అక్క అంటే మా ఆయన అన్నగారి భార్య. కమాన్‌పూర్ పక్క పల్లె నుంచి బావ బాయి పనికి వచ్చిన కొత్తలో ఇక్కడ ఇళ్లు కూడా లేవట, తుమ్మచెట్ల మధ్య తడకల గుడిసెలో కాపురం పెట్టి, క్వార్టరు వచ్చేదాకా అక్క వాగు నీళ్లే మోసిందట. బావ తట్టా చెమ్మస్‌తో, అంటే గంపా పారతో, బొగ్గు నింపే ఫిల్లరు, మా ఆయన ఆ బాయిలోనే పట్టాల మీద బొగ్గు టబ్బులు తోసే పని. అత్తామామలు నేను రాకముందే పోయారు. రెండు గదుల ఆ క్వార్టర్లో మేము నలుగురం, అక్క ఇద్దరు పిల్లలు మాత్రమే ఉంటే అదొక తీరు, కానీ ఊరి నుంచి బాయి పనికి వచ్చిన ప్రతి చుట్టం తన క్వార్టరు తనకు వచ్చేదాకా మా ఇంట్లోనే తిన్నాడు, మా అరుగు మీదే పడుకున్నాడు.

అందరివీ వేరు వేరు షిఫ్టులు. ఒకరు తెల్లవారుజామున సద్ది కట్టించుకుని పోతే, ఇంకొకరు ఆ వేళకే నల్లటి ముఖంతో వచ్చి వేడినీళ్లు అడిగేవారు, మూడోవారు మధ్యాహ్నం పోవడానికి లేచేవారు. కంపెనీ బొగ్గుకు కొదవ లేదు గనుక మా పొయ్యి ఆరేది కాదు. బాయి కూత పెట్టినప్పుడల్లా ఆ ఇంట్లో ఒకరికి కంచం పెట్టాలి. నేను వచ్చాక పని సగం పంచుకున్నానే గాని, వడ్డించే చెయ్యి మాత్రం అక్కదే. ఆమె ఎప్పుడు తినేదో ఎవరికీ తెలియదు. అడిగితే, ఇప్పుడే తిన్నాననో, రెండో షిఫ్టు వాళ్లు వచ్చాక తింటాననో అనేది, ఆ రెండో షిఫ్టు వాళ్లు అడిగితే మాతో తిన్నానని చెప్పేది. అందరం కలిసి ఒక్కసారి కూర్చుని తిన్నది ఆ ఇంట్లో నాకు గుర్తులేదు, పండగనాడు కూడా ఎవరో ఒకరు బాయిలోనే ఉండేవారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అక్క తినడం మానేసిన సంగతి ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియకపోవడానికి కారణం ఇదే గనుక.

మా పక్క క్వార్టర్లో చాచా ఉండేవాడు, హైదరాబాదు మనిషి, పంపుల మెకానిక్కు. చలికాలం సాయంత్రాలు మా అరుగు మీద బొగ్గుల కుంపటి పెట్టుకుని మగవాళ్లు చేరితే, చాచా తన ఊరి గొప్పలు చెప్పేవాడు. ఇరానీ హోటళ్లలో ఆడవాళ్ల కోసం పరదాలు కట్టిన గదులుంటాయని, అందులో కూర్చుని గంట కొడితే నౌకరు వచ్చి ఏం కావాలని అడుగుతాడని, బిర్యానీ మూత తీస్తే ఆ వాసనకు పక్క వీధివాడు కూడా లేచి వస్తాడని చెబుతుంటే, మా ఆయన నోట్లో నీళ్లూరేవి. ఊరి బయట ద్రాక్షతోటలు మైళ్ల కొద్దీ ఉంటాయని, రాతి కంబాల మీద తీగలు పరిచిన పందిళ్ల కింద గుత్తులు నెత్తికి తగులుతాయని, తనకు తెలిసిన ముసలి తోటమాలి రాలిన పండ్లను జాడీలో పులియబెట్టి ద్రాక్షసారా తీస్తాడని, పెద్ద దొరలు తాగే వైను అంటే అదేనని చెప్పేసరికి, ఇప్పసారా తప్ప వేరే రుచి ఎరగని మా బావ కుదురుగా కూర్చోలేకపోయాడు. ఆ రోజుల్లో మాకు ద్రాక్ష అంటే దవాఖానలో మంచం పట్టినవాళ్లకు పొట్లంలో తీసుకుపోయే పండు, అంతే.

అట్లా మొదలైంది ప్లాను. ఆ చలికాలమంతా అదే ముచ్చట. చాచా ఒక బొగ్గు ముక్క తీసుకుని అరుగు గచ్చు మీద హైదరాబాదు పటం గీశాడు, ఇది స్టేషను, ఇది సత్రం, ఇదిగో హోటలు, ఇది గాజుల బజారు, ఈ గీత వెంట బస్సులో పోతే తోట. అక్క ఆ గచ్చు తుడవకుండా చుట్టూ ఊడ్చుకుంటూ వచ్చేది. మా ఆయనకు బిర్యానీ, బావకు ద్రాక్షసారా, నాకేమో ఆ పరదా గదిలో కూర్చుని గంట కొట్టాలని ఆశ, నిజం చెప్పాలంటే తిండి కంటే ఆ గంట మీదే నా మనసు. మరి భాభీకి ఏం కావాలని చాచా అడిగితే, నాకేం కావాలె, మీరు పోతే నేనూ వస్త అంది. ఆ పటం మీదికి వంగి, పెద్ద దవాఖాన ఈ స్టేషనుకు దగ్గరనా, దూరమా అని అడిగింది. చాచా బొగ్గు ముక్కతో అక్కడొక గుండ్రం చుట్టాడు. ఊరికే అడిగిందనుకున్నాం అందరం.

చిక్కల్లా సెలవు దగ్గర వచ్చింది. ద్రాక్ష చేతికొచ్చేది మాఘ ఫాల్గుణాల్లో, కంపెనీ లెక్కల సంవత్సరం ముగిసేదీ అప్పుడే. ఆ రోజుల్లో సెలవడిగితే మీద పడి కరిచేవారు, బొగ్గు ఇంకా ఇంకా కావాలని ప్లేడే నాడు, అంటే వారానికొక్క సెలవునాడు కూడా డ్యూటీకి పిలిచేవారు. సెలవు దొరకాలంటే ఒకటే దారి, ఇంట్లో మనిషి సీరియస్ కావాలి. ఇది మీకు నేను చెప్పాలా? ఆ పదం మన వాళ్లందరికీ తెలుసు. చెల్లె పెళ్లికైనా, జాతరకైనా, పొలంలో నాట్లకైనా, ఊరి నుంచి ఎవరో ఒకరు సీరియస్ అని తంతి రావాల్సిందే. బావ ఆ పద్ధతిలో ఆరితేరినవాడు. పోయిన మా అత్తను సెలవుల కోసం ఇంకో రెండుసార్లు చంపాడు, మామను మంచం పట్టించాడు, తనకు లేని చిన్నాయనను కూడా పాము చేత కరిపించాడు. ఆఫీసు బాబు ఒకనాడు, మీ వంశంలో ఇంకా ఎవరన్నా మిగిలిండ్రా అని అడిగాడట. ఇక చంపడానికి మనిషి లేక, కుంపటి చుట్టూ కూర్చుని మగవాళ్లు ముగ్గురూ తలలు పట్టుకున్నారు.

అప్పుడు లోపలి నుంచి అక్క మాట వినిపించింది. "నాకు కడుపుల నొప్పి అని చెప్పుండ్రి. పట్నం దవాఖానకు తోల్కపోవాలె అనుండ్రి."

బావ ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇంట్లోనే ఇంత మంచి ఉపాయం పెట్టుకుని ఊరంతా వెతికితిమి అన్నాడు. ఉత్త కడుపునొప్పి అంటే డాక్టరు గోళీలిచ్చి పంపుతాడు, కాబట్టి గట్టిగా చెప్పాలని చాచా అంటే, అక్క తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గడపలోకి వచ్చి నిలబడి చెప్పింది. రొమ్ము కింద ఇక్కడ మొదలవుతుందని, ముద్ద దిగగానే సలాకతో పొడిచినట్టు వీపులోకి పోతుందని, తిన్నది నిలవదని, ఒక్కోసారి కక్కులో కాఫీ పొడి లాంటిది పడుతుందని, పొయ్యి గట్టుకు కడుపు ఆనించి నిలబడితే కొంచెం నయమని, ఇదంతా ఆమె నెమ్మదిగా, ఎక్కడా తడబడకుండా చెప్పింది. చాచా "వాహ్ భాభీ!" అన్నాడు. మా ఆయన చప్పట్లు కొట్టాడు. నేను పడీ పడీ నవ్వాను. అక్క కూడా నవ్వింది.

చదువుతున్న మీకు సంగతి తెలిసిపోయే ఉంటుంది. మాకు తెలియలేదు. ఒక మనిషి నోట్లోంచి నిజం వచ్చి మా ఎదురుగా నిలబడితే, మేము ఎంత బాగా నటించావు అన్నాం.

మర్నాడు బావ అక్కను కంపెనీ దవాఖానకు తీసుకుపోయాడు. వచ్చి, డాక్టరుకే టోపీ పెట్టినమని చెప్పి చెప్పి నవ్వాడు. మామూలుగా ముఖం కూడా చూడకుండా గోళీలు రాసే ఆ డాక్టరు, అక్కను బల్ల మీద పడుకోబెట్టి చాలాసేపు కడుపు నొక్కి చూశాడట, కనురెప్పలు లాగి చూశాడట, బావను పక్కకు పిలిచి, ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకు, వెంటనే పట్నం తీసుకుపో, సెలవు సంగతి నేను చెప్తా అన్నాడట. అడగకముందే అటెండెంటుగా బావకు సెలవు, రోగిని పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలంటే మా ఆయనకూ సెలవు. అంత సులువుగా పని అయిపోతే ఎందుకయిందని ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి కదా. ఊహూఁ, తన నోటి చలవే అనుకున్నాడు బావ. ఆ మాటకొస్తే డాక్టరు ముందు అక్క ఏమీ మాట్లాడలేదట, తలొంచుకుని కూర్చుంటే అంతా బావే చెప్పాడట, రొమ్ము కింద, వీపులోకి, కాఫీ పొడి, అన్నీ ఆమె నేర్పినట్టే.

పిల్లలను చాచా భార్య చాచీ దగ్గర వదిలాం, చుట్టాలను ఆ రోజులకు మెస్సులో తినమన్నాం. కంపెనీ వాళ్లే స్టేషను దాకా అంబులెన్సు ఇచ్చారు. వాడకట్టంతా చూస్తుండగా అక్కను దుప్పటి కప్పి స్ట్రెచరు మీద ఎక్కించాల్సి వచ్చింది, నేను పక్కన కూర్చుని, నవ్వు రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంటే చూసినవాళ్లు ఏడుస్తున్నాననుకున్నారు. రామగుండంలో రైలెక్కి, స్టేషను దాటాక, బావ దుప్పటి లాగేసి "ఇగ లే, రోగం అయిపాయె" అన్నాడు. ముగ్గురం నవ్వాం. అక్క లేచి కూర్చుని, జుట్టు సవరించుకుని, కిటికీలోంచి బయటికి చూసింది. ఆమె ముఖంలో అంత తేట నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. యాత్ర సంబరమనుకున్నాను.

పట్నంలో మొదటి రోజు చాచా గీసిన పటం ప్రకారమే నడిచాం. హోటల్లో పరదా గదిలో కూర్చోబెట్టారు, పాలరాతి బల్ల, వంకర కుర్చీలు, నా ఆశ కొద్దీ గంట ఉంది, కొట్టాను, నౌకరు వచ్చాడు. బిర్యానీ పళ్లెం నడిమిట్లో పెట్టి మూత తీస్తే చాచా చెప్పింది తక్కువే అనిపించింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక నేను అక్క ఎదురుగా కూర్చుని తిన్న మొదటి భోజనం అది. ఎవరూ డ్యూటీకి పోయేది లేదు, ఎవరూ వచ్చేది లేదు, వడ్డించడానికి వేరే మనిషి ఉన్నాడు, లేవడానికి ఏ వంకా లేదు. అక్క రెండు మెతుకులు నోట్లో పెట్టుకుని, ఆ తరువాత అన్నాన్ని కంచంలో ఇటు నుంచి అటు నెడుతూ కూర్చుంది. ముక్కలన్నీ ఏరి బావ కంచంలో వేసింది. బావ మురిసిపోయి, పెండ్లాం అంటే గిట్లుండాలె అని నాకు ఎత్తి చూపాడు. తినక్కా అంటే, కొత్త చోటు, సిగ్గయితంది చెల్లె అంది. పల్లెటూరి ఆడమనిషి, మొదటిసారి హోటలుకు వచ్చింది, సిగ్గు కాకపోతే ఏముంటుంది? పరదా కూడా సరిగా మూసి వచ్చాను, ఆమెకు సిగ్గు తగ్గుతుందని.

రెండో రోజు తోట. ఆ తోట అందం ఒప్పుకోకపోతే అన్యాయం. బస్సు దిగి మట్టిబాటలో నడిచిపోతే, ఎండ ఎక్కడికక్కడ ఆగిపోయి, పచ్చటి నీడ, తడి మట్టి వాసన, తలెత్తితే తేనెరంగు ద్రాక్షగుత్తులు దీపాల్లా వేలాడుతున్నాయి. పందిరి మనిషి ఎత్తే ఉంటుంది. బావ, మా ఆయన ఆ కిందికి పోగానే వాళ్లకు తెలియకుండానే నడుములు వంచి బాయిలో నడిచినట్టు నడవడం మొదలుపెట్టారు. రాతి కంబం వచ్చిన చోటల్లా బావ పిడికిలితో తట్టి, చెవి పెట్టి విని, పైకప్పు గట్టిగా ఉందో లేదో చూసుకుని ముందుకు పోయాడు. ఇది బాయి కాదయ్యా, మీద పడితే పండ్లే పడతాయని ముసలి తోటమాలి నవ్వాడు. అదే బావ, రాయి లోపల పగులుందో లేదో చప్పుడు విని చెప్పగలిగే మనిషి, ఇరవై నాలుగు గంటలూ పక్కనున్న మనిషి లోపలేముందో విననేలేదు. ఇది నేను తరువాత అనుకున్నది, అప్పుడు నేనూ నవ్వాను.

తోటమాలి జాడీ తెరిచాడు. అన్నదమ్ములిద్దరూ పందిరి కింద గోనెపట్టా మీద కూర్చుని మట్టి ముంతల్లో ద్రాక్షసారా తాగుతూ, ఇప్పసారా ముందు ఇది చక్కెర నీళ్లని ఒకరు, కాదు మెల్లగా ఎక్కుతుందని ఒకరు వాదించుకుంటుంటే, అక్క ఒక కంబానికి ఆనుకుని కూర్చుంది. ఆమె ఒళ్లో ఒక గుత్తి పెట్టాను. ఒక్కొక్క పండు నోట్లో వేసుకుని, తొక్క ఉమ్మేసి, రసం మాత్రం మింగింది. చల్లగా దిగుతున్నయి చెల్లె అంది. ఆ మాట కూడా నాకు ద్రాక్ష గురించి అన్నట్టే వినిపించింది. ఆ నీడలో కాసేపు కునుకు తీసి, లేవగానే బావను అడిగింది, "రేపు పొద్దుగాల దవాఖానకు గదా?" బావ ముంత ఎత్తి, దవాఖానకే, ముద్ర కొట్టిచ్చుకోవద్దా మరి అన్నాడు. సెలవుకు రుజువుగా దవాఖాన ముద్ర కావాలి, మూడో రోజు పొద్దున ఓపీలో ముఖం చూపించి, ముద్ర వేయించుకుని, మధ్యాహ్నం బండి ఎక్కాలని ప్లాను.

మూడో రోజు పొద్దున నేను లేచేసరికి అక్క తలస్నానం చేసి, తన పెళ్లి నాటి గంధం రంగు పట్టుచీర కట్టుకుని, సత్రం అరుగు మీద కూర్చుని ఉంది. హోటలుకు ముతక చీర, తోటకు ముతక చీర, ఇంటికి పోయే రోజు పట్టుచీరనా అక్కా అని ఎగతాళి చేశాను. పెద్ద డాక్టర్లు చూస్తరు గదా, మురికి బట్టలతో పోతే ఏం బాగుంటది అంది. ఆటలో కూడా ఎంత పట్టింపు ఈ మనిషికి అనుకున్నాను. బావ, మా ఆయన మాత్రం లేవలేదు. మెల్లగా ఎక్కుతుందన్న ఆ ద్రాక్షసారా అంతే మెల్లగా దిగుతుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అక్క అరుగు దిగలేదు, కాఫీ కూడా వద్దంది, పోయే వచ్చే రిక్షాలను చూస్తూ కూర్చుంది. రెండుసార్లు లోపలికి పోయి బావను లేపింది, మూడోసారి నన్ను లేపమంది. ఎండెక్కాక లేచి, తలలు పట్టుకుని, దవాఖానకు పోయేసరికి ఆ ఓపీ ముందు గేటు దాకా జనం, చిట్టీలిచ్చే కిటికీ మూసే వేళ. బావ కాసేపు అటూ ఇటూ చూసి, బండి టైం అయితుంది అన్నాడు. అక్క, ఎవల్నన్న అడుగు, ఒక్కపారి అడుగు అంది. అప్పుడు బావ అన్న మాట నాకు ఈ క్షణాన కూడా వినబడుతుంది. "మనకేమన్న నిజంగ రోగమున్నదా ఏంది, పోదాం పా."

అక్క దవాఖాన మెట్ల మీద నిలబడి లోపలికి ఒకసారి చూసింది, చూసి మా వెనక నడిచింది. రైల్లో నా భుజం మీద తల పెట్టి పడుకుంది. పట్టుచీర నలుగుతుందని నేను మడతలు సర్దాను.

ఇంటికి రాగానే బావ ఆఫీసులో, పట్నం డాక్టర్లు ఏమీ లేదన్నరని, ముద్ర కొట్టిన కాయితం రైల్లో పోయిందని చెప్పాడు, కంపెనీ డాక్టరు ఎదురుపడకుండా కొన్నాళ్లు తిరిగాడు. అక్క మళ్లీ పొయ్యి ముందు నిలబడింది, మళ్లీ కూతలు, కంచాలు. వానాకాలం నడిమిట్లో, మొదటి షిఫ్టుకు సద్ది కడుతూ పొయ్యి పక్కన పడిపోయింది. ఈసారి దుప్పటి కప్పి అంబులెన్సు ఎక్కించినప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. కంపెనీ డాక్టరు బావ మీద అరిచిన అరుపులు వరండా చివరి దాకా వినబడ్డాయి, నేను ఎండాకాలం ముందే పంపిస్తే ఎక్కడ తిరిగొచ్చినవయ్యా అని. పట్నం డాక్టర్లు చూసి, కోసినా లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

ఆ చివరి రోజుల్లో అక్క దగ్గర నేనే కూర్చున్నాను. నొప్పి కొంచెం తగ్గిన ఒక మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు, చిన్నగా నవ్వి అంది, "నేను చెప్పింది నిజమే గద చెల్లె. మీరే నవ్వితిరి." రెండేళ్లుగా ఉందట ఆ నొప్పి. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది, మామూలుగా చెబితే నోరు పడిపోతుందా, ఈ నాటకమెందుకని మంచంలో ఉన్న మనిషి మీద అరిచాను. అక్క ఓపిగ్గా చెప్పింది. కడుపునొప్పని చెప్తే వామునీళ్లు తాగుమంటరు, పట్నం దవాఖాన అంటే షిఫ్టులకు ఎవలు వండాలె అంటరు, ఒక్క పూట కూడా ఎవలు కదలరు. యాత్ర అంటేనే అందరు కదిలిండ్రు అంది. పట్నం దాకా పోతే అక్కడ డాక్టరు చెయ్యి పడుతుంది కదా, ఆ పైన ఆయనే చెబుతాడు కదా అనుకుందట. గేటు దాకా పోయినప్పుడైనా నిజం చెప్పొద్దా అంటే, అప్పటికి మీరు ఎంత సంబరంగుంటిరి అని ముఖం అటు తిప్పుకుంది. బతుకమ్మ రాకముందే పోయింది. ఇద్దరు పిల్లల్నీ నేనే పెంచాను.

అసలు చేదు ఆ తరువాత ఉంది. బావ గుండెలు బాదుకుని ఏడ్చాడు, కాదనను. కానీ దేనికి ఏడ్చాడో వినండి. తాను అబద్ధమాడి పెళ్లాన్ని సీరియస్ అన్నందుకే, పైన తథాస్తు దేవతలు విని అది నిజం చేశారని ఏడ్చాడు. నా నోటితోనే చంపుకుంటిని అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. వాడకట్టు కూడా అదే నమ్మింది, సెలవు కోసం మనుషులను సీరియస్ చేయడానికి ఆ తరువాత కొన్నేళ్లు మా లైనులో అందరూ భయపడ్డారు. బావ ఇక అబద్ధమాడనని దేవుడి ముందు ఒట్టు పెట్టుకున్నాడు, నిలబెట్టుకున్నాడు కూడా. జ్వరమొచ్చినా డ్యూటీకి పోయాడు, నిజమే చెప్పే మనిషని పేరు తెచ్చుకున్నాడు, పంచాయితీలకు పిలిచి ఆయన మాట అడిగేవారు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అబద్ధమాడి చంపానని ఏడ్చే మనిషికి, ఆ రోజు తాను డాక్టరుతో చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదని ఎట్లా తెలుస్తుంది?

రిటైరైన తరువాత ఒకనాడు బావ, అరుగు మీద కూర్చుని మళ్లీ అదే పాట మొదలుపెడితే నాకు ఓపిక చచ్చిపోయింది. అంతా చెప్పాను, రెండేళ్ల నొప్పి, పొయ్యి గట్టు, పట్టుచీర, దవాఖాన మెట్లు. ఆయన నేల చూస్తూ విన్నాడు. ఇప్పటికైనా అర్థమైందనుకున్నాను. అప్పుడు తలెత్తి, "గట్లయితే అప్పుడే గట్టిగ చెప్పాలె గదా" అన్నాడు.

"చెప్పింది బావా. నీ నోటితోనే డాక్టరుకు చెప్పిచ్చింది" అన్నాను.

ఆయన లేచి లోపలికి పోయాడు. ఆ మర్నాడు ఎవరో పలకరించడానికి వస్తే, నా అబద్ధమే దాన్ని మింగిందని మళ్లీ మొదటి నుంచి చెప్పుకున్నాడు. పోయేదాకా అదే చెప్పుకున్నాడు. తన అబద్ధం అంత బలమైనదని నమ్మడం ఆయనకు సులువు, ఇంట్లో ఆడమనిషి మాట వినలేదని నమ్మడం కష్టం.

ఇప్పుడు ఆ క్వార్టర్ల లైను లేదు, దాని పక్కనున్న బాయి మూతబడింది, పట్నం బయటి ఆ ద్రాక్షతోటలు ఎప్పుడో పోయి ఇళ్లొచ్చాయి. యాత్ర పోవాలంటే యాత్ర అనే రాసి సెలవు పెడుతున్నారు, చార్జీలు కూడా కంపెనీయే ఇస్తుంది, ఎవరినీ మంచం పట్టించనక్కర లేదు. ఆడపిల్లలు మొగుళ్ల పక్కన కూర్చుని ఏ హోటల్లో తినాలో వాళ్లే చెబుతున్నారు, పరదాలూ లేవు, గంటలూ లేవు. చూస్తే సంతోషంగానే ఉంటుంది, ఈ సుఖంలో ఒక్క పూటైనా అక్కకు దొరికి ఉంటే బాగుండునని కూడా ఉంటుంది. కానీ ఆ సంతోషం కింద నా కోపం ఇంకా అట్లాగే ఉంది, ఇన్నేళ్లకూ చల్లారలేదు, చల్లారాలని కూడా నాకు లేదు. వాళ్లు ద్రాక్షతోటకు పోవడానికి అక్క రోగాన్ని అడ్డం పెట్టుకున్నారు. అక్క డాక్టరు దగ్గరికి పోవడానికి వాళ్ల ద్రాక్షతోటను అడ్డం పెట్టుకుంది. వాళ్ల పని అయింది. అక్క పని కాలేదు.